జిమ్ కార్బెట్టు: మంచె మర్మ మెఱిగిన వేటకాడు

జొన్నచేనిలో మంచె వేయుట మన కెల్లరకు నెఱుకపడిన పనియే. అయినను మంచె నెచ్చట పడిన నచ్చట వేయరు. ఆ చోటు మెరకగా నుండవలెను. చేని నాలుగు మూలలును కంటి కానవలెను. వడిసెలరాయి అన్ని వైపులకు నందవలెను. ప్రొద్దుటి యెండ కన్నులలో పడరాదు. ఇవి చూడక వేసిన మంచెపై కూర్చున్నవాడు గొంతు చించుకొని కేకలు వేయుటయే కాని గింజ దక్కించుకొనలేడు. స్థానబలమనగా నిదియే. మడుగులోనున్న మొసలి మదగజమును లాగిపట్టగలిగెనను కథలోని మర్మమును నిదియే.

మఱియొక కథయు మన మెఱిగినదియే. శివరాత్రి జాగరణమునాడు పురాణకాలక్షేపములో వినెడి వేటకాడు నీటియొడ్డున నున్న మారేడుచెట్టు నెక్కి రాత్రి యెల్ల మేలుకొని కూర్చుండెను. లేళ్లు నీటికి వచ్చునని యెఱిగియే వాడా చెట్టు నెన్నుకొనెను. కాని తెల్లవారునప్పటికి వాని మనస్సు కరగెను. బాణము విడువకయే చెట్టు దిగెను. ఈ కథకు చాలవఱకు పోలిక గల జీవితము గడపిన మనుష్యు డొకడు మనకు సమీపకాలముననే యుండెను. ఆయనయే జిమ్ కార్బెట్టు. పులుల వేటకాడుగా లోకమాయనను కొనియాడెను. ఆయన గుఱి గొప్పదే. కాని గుఱికంటెను ముందుగా ఎక్కడ కూర్చుండవలెనో యెఱిగిన నేర్పు గొప్పది. ఆ నేర్పు నాయన యెట్లు సంపాదించెనో, దానిని తుద కెందులకు వినియోగించెనో చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఎడ్వర్డు జేమ్సు కార్బెట్టు 1875వ సంవత్సరము జూలై 25వ తేదీన కుమావూ కొండలలోని నైనితాల్ పట్టణమున జన్మించెను. జిమ్ అనునది ముద్దుపేరు. తండ్రి క్రిస్టఫర్ విలియం కార్బెట్టు ఆ యూరి పోస్టుమాస్టరు. ఐర్లండు దేశమున మూలముగల కుటుంబము. సంతానము పెద్దది, సంపాదన చిన్నది. జిమ్‌కు ఆరేండ్లు నిండకమునుపే, 1881లో, తండ్రి గతించెను. తల్లి మేరీ జేన్ ధైర్యము వీడక సంసారమును నడపెను. ఎండకాలము నైనితాల్‌లోను, చలికాలము కొండదిగువన అడవియంచుననున్న కాలాధుంగీ గ్రామములోను ఆ కుటుంబము నివసించుచుండెను.

ఆ కాలాధుంగీ యడవియే జిమ్‌కు పాఠశాల. తొలుత ఉండేలు, పిదప విల్లు, ఆ పిదప నొక గొట్టము చెడిపోయిన పాత రెండు గొట్టముల తుపాకి ఆయన పలకయు బలపమును. అన్న టామ్, కుంవర్ సింగ్ అను గ్రామపెద్ద ఆయనకు గురువులు. ఒక్క గొట్టమే పనిచేయు తుపాకి, లెక్కించి తెచ్చుకొనిన మందుగుండు గల బాలుడు తొందరపడి కాల్చినచో ఇంటికి వట్టిచేతులతో పోవలసినదే. కావున నాడు కలిగిన పేదరికమే ఆయనకు ఓర్పును నేర్పెను. ఏ పక్షి యెందుల కఱచెనో, ఏ జంతువు అడుగుజాడ యెన్ని గడియల క్రిందటిదో చూచి చెప్పగల జ్ఞానము ఆయనకు పసితనముననే అబ్బెను.

యౌవనము రాగానే కుటుంబభారము మీదపడెను. బెంగాల్ అండ్ నార్త్ వెస్టరన్ రైల్వేలో కట్టెల తనిఖీదారుగా చేరి, పిదప బీహారులో గంగయొడ్డున మొకామా ఘాట్ వద్ద సరకులు ఒక బండినుండి మఱియొక బండికి మార్పించు కాంట్రాక్టు చేపట్టి, ఇరువదియేండ్లకు పైగా కూలిజనముతో కలిసిమెలిసి పనిచేసెను. పులులవేట ఆయనకు జీవనోపాధి కాదు. సెలవు దినములలో, కొండజనుల మొఱ విని, పూనుకొనిన పని అది.

1907లో చంపావతి ప్రాంతమున నొక పెద్దపులి మనుష్యమాంసము మరగియుండెను. నేపాలులో 200 మందిని, కుమావూలో 236 మందిని, మొత్తము 436 మందిని అది పొట్టబెట్టుకొనినట్లు లెక్క. దానిని చంపుమని అధికారులు కోరగా కార్బెట్టు రెండు షరతులు పెట్టెను. ఆ పులి తలపై ప్రకటించిన బహుమానము రద్దు చేయవలెను. అడవిలోనున్న ఇతర వేటకాండ్రను, సిపాయిలను వెనుకకు పిలిపించవలెను. బహుమానమునకై వేటాడుట ఆయనకు రోతగా తోచెను. పదిమంది తుపాకులు పట్టి తిరుగు అడవిలో పొరపాటున ప్రాణాపాయము గలుగునన్న భయమును కలదు. గ్రామస్థులచేత డప్పులు కొట్టించి పులిని బయటికి వెడలగొట్టి ఆయన దానిని కాల్చెను. చచ్చిన పులి నోరు తెఱచి చూడగా కుడివైపు కోఱలు రెండును విఱిగియుండెను. పూర్వ మెవ్వడో కాల్చిన గుండు దెబ్బకు కోఱలు పోగా, అడవిజంతువులను పట్టలేక, అది మనుష్యులపై పడెను. పులి మనుష్యులకు పుట్టుశత్రువు కాదనియు, గాయమో ముసలితనమో దానిని ఆ దారికి త్రోయుననియు కార్బెట్టు ఆనాడే గ్రహించెను. సరిగా గుఱిపెట్టక, గాయపఱచి విడిచిన వేటకాని పాపము ఊరివారి మెడకు చుట్టుకొనును. కావున గుండు వ్యర్థముకాని చోటున కూర్చుండుట ఆయనకు ధర్మవిధి యయ్యెను.

ఆయన చెట్టు నెన్నుకొనెడి విధమును కొంత వివరించెదను. తొలుత ఆయన చెట్లను చూడడు, నేలను చూచును. దుమ్ములోను తడిమట్టిలోను పడిన యడుగులను బట్టి అది మగదో ఆడదో, ముసలిదో పడుచుదో, ఏ దారిని వచ్చి ఏ దారిని పోవునో తేల్చుకొనును. ఆ దారి యెక్కడ ఇరుకగునో అక్కడ చెట్టు కలదాయని అప్పుడు తలయెత్తి చూచును. అనుకూలమైన చెట్టు దొరకినను దానిని నఱకి చదును చేయడు. తెగిన కొమ్మ, రాలిన పచ్చియాకు, క్రొత్త కట్టె, గొడ్డలిచప్పుడు వీనిలో నేది కనబడినను వినబడినను అనుమానము మరగిన మృగము మఱల నా వైపు రాదు. అందుచేత ననేకపర్యాయములు మంచెయే లేక ఉన్న కొమ్మపైననే రాత్రి గడపెడివాడు.

కొండప్రదేశమున మఱియొక చిక్కు కలదు. దిగువనుండి చూచిన ఇరువదియడుగుల యెత్తున నున్న కొమ్మ, ఎగువ గట్టునుండి చూచిన మృగమునకు సరిసమానముగా నుండును. అటువైపునుండి అది యొక్క దూకు దూకిన చాలును. పెద్దపులి సాధారణముగా చెట్టెక్కదు. చిరుతపులి పిల్లివలె ఎక్కును. కావున పులికి సరిపోయిన చెట్టు చిరుతకు సరిపోదు. ఇక గాలి సంగతి. మనుష్యులను మరగిన పులి మనుష్యుని గూడ జింకను బోలినవానిగనే తలచి, తన వాసన సోకకుండునట్లు గాలి కెదురుగా నడచి సమీపించునని ఆయన యనుభవమున తెలిసికొనెను. అందుచేత గాలి పోవు దిక్కున తన కన్నును చెవియు నుంచెడివాడు. వెన్నెల రాత్రులలో నీడ యెటు పడునో ముందే లెక్కించుకొనెడివాడు. చీకటిరాత్రులలో కొండముచ్చుల కూతలు, కణుజుల యఱపులు ఆయనకు దీపములయ్యెను. మృగము నడచుచున్నంతసేపు అడవియే దాని రాకను చాటింపు వేయును.

1910లో అల్మోడా జిల్లాలో పానార్ ప్రాంతపు చిరుతపులిని చంపునాడు ఈ విద్య యంతయు పరీక్షకు వచ్చెను. అది 400 మందిని చంపినదని ప్రతీతి. మెట్లు మెట్లుగా చెక్కిన కొండచేల నడుమ, గట్టునుండి బయటికి వాలియున్న యొక ముసలి ఓకు చెట్టు నాయన యెన్నుకొనెను. ముందు మేకను కట్టించెను. చిరుత చెట్టెక్కునని యెఱిగియుండుటచే ముండ్లకంపలు తెప్పించి, మ్రానునకు బిగించి కట్టించెను. రాత్రి చిరుత వచ్చి మేకను విడిచి మనుష్యునికొఱకే చెట్టు వెనుకకు చేరి, ఆ కంపల మొదళ్లను పండ్లతో పట్టి గుంజుచుండెను. కంపలు లేకున్నచో ఆ రాత్రియే ఆయనకు కడపటి రాత్రి యగును. కట్టులు తెగక నిలిచినవి. విసిగిన చిరుత తుదకు మేకపైకి పోగా ఆయన కాల్చి గాయపఱచెను. గాయపడిన మృగమును విడిచి ఇంటికి పోవుట ఆయన నీతి కాదు. దేవదారు కట్టెల దివిటీలు పట్టించుకొని ఆ చీకటిలోనే వెదకి, మీదపడ వచ్చుచున్నదానిని కడతేర్చెను.

మొదటి ప్రపంచయుద్ధకాలమున 1917లో 500 మంది కుమావూ జనులను కూడగట్టి ఫ్రాన్సునకు తోడ్కొనిపోయి, ఒక్కడు తప్ప అందఱిని ప్రాణములతో ఇండ్లకు చేర్చెను. ఆ పిదప వచ్చినదే రుద్రప్రయాగ ఘట్టము.

మనలో బదరీకేదార యాత్ర చేసినవారు అలకనందా మందాకినుల సంగమస్థలమైన రుద్రప్రయాగను చూచియే యుందురు. 1918లో విషజ్వరము దేశమెల్ల వ్యాపించినప్పుడు గఢ్వాల్ కొండలలో పీనుగులను విధిప్రకారము దహింప వీలులేక లోయలలోనికి త్రోసివేసిరి. వానిని తిని యొక చిరుత మనుష్యమాంసమునకు అలవాటు పడెనని కార్బెట్టు అభిప్రాయము. 1918 మొదలు 1926 వఱకు ఎనిమిదేండ్లు అది యాత్రికులదారిని పట్టి పీడించెను. సర్కారు లెక్కకెక్కిన మరణములే 125. ప్రొద్దు క్రుంకిన తోడనే తలుపులు మూతపడెడివి. విషములు, బోనులు, బహుమానములు ఏవియు పనిచేయలేదు.

1925లో కార్బెట్టు అచ్చటికి వచ్చెను. చిరుత అలకనందను దాటవలెనన్న వంతెనయే గతి. ఒక వంతెనను ముండ్లతో మూయించి, రుద్రప్రయాగ వంతెన గోపురముపై ఆయన 20 రాత్రులు కూర్చుండెను. చలిగాలి, చీమలు, నిద్రలేమి. దాటిన ప్రాణి యొక నక్క మాత్రమే. ఎంచుకొనిన చోటు తప్పుకాదు, చిరుత ఆ దినములలో నదిని దాట నెంచలేదు, అంతియే. ఈ నడుమ మఱికొన్ని ప్రాణములు పోయెను. చెట్టుపై కూర్చున్నవానికి దుర్భరమైనది చలి కాదు. తానిక్కడ కూర్చున్న రాత్రి అది మఱియొకచోట నెవరి గడపలో నున్నదోయన్న చింత. మృతుల బంధువులను బ్రతిమాలి, ఒక రాత్రికి పీనుగును దహింపక అట్లే యుంచుడని వేడవలసిన పరిస్థితియు కొన్నిపర్యాయములు వచ్చెను. అట్టి యనుమతి పొంది కూర్చుండియు విఫలుడైన రాత్రి యాయన కెంత బరువుగా నుండునో ఊహించుకొనవచ్చును. అలసి వెడలిపోయి, 1926 వసంతమున మఱల వచ్చెను.

ఈసారి ఆయన చేసినది కరణపు పని వంటిది. చిరుత రుద్రప్రయాగకు గోలాబ్‌రాయ్‌కి నడుమ నడచిన దినములను గుర్తువేసి లెక్కింపగా, సగటున అయిదు దినముల కొకమారు ఆ బాటపై నడచుచున్నట్లు తేలెను. గోలాబ్‌రాయ్‌లో యాత్రికుల సత్రము, దానిచెంత బాటప్రక్కన పెద్ద మామిడిచెట్టు. పది రాత్రులు కూర్చున్నచో రెండు అవకాశములు రావలెనని గణించి, ఆ మామిడిపై చేరెను. క్రింద బాటపై మెడలో గంట కట్టిన మేక. పది రాత్రులును గడచెను. చిరుత రాలేదు. పదునొకండవ రాత్రి గూడ కూర్చుండెను. ఆ రాత్రి మేకలపై సరకు మోయించుకొనివచ్చిన యొక ముసలివాడు చెంతనే దిగియుండెను. అతని కుక్కలు బాటవైపు చూచి మొఱిగి, పిదప ఊరకుండెను. కొంతసేపటికి క్రిందనున్న మేకమెడలోని గంట గల్లుమనెను. కార్బెట్టు టార్చిలైటు నొత్తగా తుపాకి గుఱికి నేరుగా చిరుత భుజము కనబడెను. కాల్చెను. దీప మాఱిపోయెను. చచ్చెనో లేదో తెలియక తెల్లవారువఱకు అట్లే కూర్చుండెను. దిగి చూడగా దిగువ గట్టున ముసలి మగచిరుత చచ్చిపడియుండెను. పగ సాధించితినన్న యుల్లాస మాయనకు కలుగలేదు. ఆ వృద్ధమృగముపై జాలియే కలిగెను. గోలాబ్‌రాయ్‌లో నాటి చోటును దెలుపు స్మారకచిహ్నము గలదు.

ఆయన దోషములేనివాడని నేను వ్రాయబోను. 1929లో చౌగఢ్ ఆడపులిని వేటాడుచు, దానివెంటనున్న యెదిగిన పిల్లనే తల్లియని భ్రమించి కాల్చెను. తల్లి 1930 ఏప్రిల్ 11వ తేదీవఱకు బ్రతికి మఱికొందఱిని చంపెను. ఈ పొరపాటును ఆయన దాచక తన గ్రంథమున వ్రాసికొనెను. 1930లోనే పోవల్‌గఢ్ ప్రాంతమున, ఎవరికిని హానిచేయని యొక భారీ మగపులిని కేవలము వేటవేడుకకై చంపెను. గవర్నరు జనరలు మొదలగు దొరలకు పులివేటల నేర్పాటు చేసి యిచ్చెను. ఇవియు ఆయన చరిత్రములోని పుటలే.

అయినను మనస్సు క్రమక్రమముగా మారుచుండెను. ఛాంపియన్ అను అటవీశాఖాధికారి 1920 ప్రాంతపు దశకమున పులులను ఛాయాచిత్రములు తీయుట చూచి, కార్బెట్టును తుపాకికి బదులు కెమేరా చేపట్టెను. కాలాధుంగీ యడవిలో సెలయేటియొడ్డున పొంచియుండి, నెలలతరబడి పాటుపడి, ఏడు పులులను కదలుబొమ్మలుగా చిత్రించెను. చెట్టు, నీరు, నీడ, గాలి అన్నియు పూర్వపు లెక్కలే. చేతిలోని వస్తువు మాత్రము మారెను. 1936లో హేలీ జాతీయోద్యానమను పేర భారతదేశమున మొట్టమొదటి జాతీయోద్యానము రామగంగాతీరమున నేర్పడుటకు ఆయన తోడ్పడెను. 1938 నవంబరు 30వ తేదీన 63వ యేట థాక్ గ్రామపు ఆడపులిని కాల్చినదే ఆయన నరభక్షకవేటలలో కడపటిది.

ఆయన పెండ్లి చేసికొనలేదు. అక్కయైన మాగీతో జీవించెను. కాలాధుంగీ చెంత ఛోటీ హల్ద్వానీ గ్రామమును కొని, రైతులను నిలిపి, అడవిపందులు పైరులు పాడుచేయకుండ ఊరి చుట్టును రాతిగోడ కట్టించెను. దేశము విడిచిపోవునప్పుడు ఆ భూములను రైతులకే వదలెను. పొలము కాపాడుకొను కష్టమెఱిగిన మనకు ఆ గోడ విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. 1944లో వెలువడిన కుమావూ నరభక్షకుల గ్రంథము ఆయనను లోకప్రసిద్ధుని చేసెను. దాని తొలికూర్పు రాబడిని యుద్ధమున చూపుకోల్పోయిన సిపాయిల సంస్థకు ఇచ్చివేసెను.

1947లో ఆయనయు సోదరియు ఆఫ్రికాలోని కెన్యా దేశమునకు పోయి న్యేరీ పట్టణమున స్థిరపడిరి. అచ్చట అడవిలో మేడిజాతి మహావృక్షముపై నిర్మింపబడిన ట్రీటాప్స్ అను కుటీరముండెను. దాని యెదుట నీటిమడుగు, ఉప్పునేల. మృగములు రాత్రులందు అచ్చటికి వచ్చును. మనుష్యులు పైనుండి చూచి ఆనందింతురు. మారేడుచెట్టు వేటకాడు కూర్చున్నదియు అట్టి చోటనే గదా. 1952 ఫిబ్రవరి 5వ తేదీన ఆంగ్లరాజకుమారి ఎలిజబెత్తు భర్తతో ఆ చెట్టెక్కెను. తోడుగా 76 ఏండ్ల కార్బెట్టు నుండెను. రాత్రి యందఱు నిద్రించిన పిమ్మట చిరుతలు మొదలైనవి పైకెక్కకుండ ఆయన నిచ్చెనతలను కావలి కూర్చుండెను. ఆ రాత్రియే లండనుకు దూరమున నున్న భవనములో ఆమె తండ్రి ఆఱవ జార్జి రాజు నిద్రలోనే మరణించెను. రాజకుమారిగా చెట్టెక్కిన యామె రాణియై దిగెను. చెట్టుపై ఆయన గడపిన అసంఖ్యాక రాత్రులలో ప్రసిద్ధికెక్కినది ఒక్క ప్రాణియు చావవలసిన పనిలేని యా రాత్రియే.

1955 ఏప్రిల్ 19వ తేదీన న్యేరీలో గుండెజబ్బుతో ఆయన పరమపదించెను. అచ్చటి సెయింట్ పీటర్స్ చర్చి శ్మశానమున సమాధి గలదు. మరణానంతరము రామగంగాతీర జాతీయోద్యానమునకు ఆయన పేరు పెట్టబడెను. 1968లో ఇండోచైనా దేశముల పులిజాతికి శాస్త్రజ్ఞు లాయన పేరుంచిరి. 1972 చట్టముచే మన దేశమున పులివేట నిషిద్ధమయ్యెను. 1973 ఏప్రిల్ 1వ తేదీన పులుల సంరక్షణ పథకము ఆయన పేరిటి యుద్యానముననే ఆరంభమయ్యెను. మన నల్లమల యడవులలోని నాగార్జునసాగర్ శ్రీశైలము పులుల రక్షితారణ్యమును ఆ పథకముక్రిందిదే.

మన బాలురు ఆయన కథ చదివి తుపాకిని గూర్చి కాక చెట్టును గూర్చి ఆలోచింతురు గాక. పని మొదలిడుటకు ముందు నేలను చూచి, గాలిని చూచి, తగిన చోటు నెన్నుకొని, ఎన్నుకొనిన పిదప పదునొకండవ రాత్రివఱకును చలింపక కూర్చుండుట యాయన విద్య. చేతిలో బలమున్నను, అక్కఱలేనప్పుడు దానిని ప్రయోగింపక చెట్టు దిగుట ఆయన పండినవయస్సున సాధించిన పుణ్యము.